‘లేవు’ అని రాశాను

రిపోర్టులో ‘రక్తంలో పరాన్నజీవులు లేవు’ అని రాశాను. ‘కనిపించలేదు’ అని రాయాల్సింది. పశువైద్యం చదివినవాణ్ణి, ఆ రెంటికీ ఉన్న దూరం తెలిసినవాణ్ణి. అయినా రాశాను.

అది నాలుగేళ్ల నాటుకుక్క. మూడు రోజులుగా ముద్ద ముట్టలేదు, ఒళ్లు కాలిపోతోంది, చిగుళ్లు తెల్లబడ్డాయి. పెంచుకున్న తాత దాని చెవి మడత విప్పి గోమార్లు చూపించాడు. ‘వీటితోనే జరమొచ్చిందా సారూ?’ అని అడిగాడు కూడా. ముంగాలి నరంలో రక్తం తీసి, రద్దీలో మధ్యాహ్నం దాకా ట్యూబులోనే ఉంచాను. తర్వాత జీమ్సా రంగు వేసి, స్లైడు నడిమధ్యన పదిచోట్ల చూసి లేచాను. ప్లేట్‌లెట్లు తగ్గాయి కనుక గోమార్లతో వచ్చే ఎర్లీకియా జబ్బు అయి ఉంటుందని డాక్సీసైక్లిన్ ఇచ్చాను.

ఆరో రోజు మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. కుక్క నిలబడలేకపోయింది.

ల్యాబులో సీనియర్ టెక్నీషియన్ ఒకామె ఉండేది. చెవి అంచున సూదితో గుచ్చి, వచ్చిన చుక్కను అక్కడికక్కడే పలుచగా పూసింది. పూత చివర, అంచుల వెంట అరగంట వెతికి నన్ను పిలిచింది. ఎర్రకణాల్లో చిన్నచిన్న ఉంగరాలు: బబీసియా గిబ్సోనై. 1910లో పాటన్ అనే పరిశోధకుడు మద్రాసు హంట్ వేటకుక్కల రక్తంలో చూసి వర్ణించిన జీవి ఇదే. నా కళ్లేమో పెద్ద బబీసియా కోసం, పాఠ్యపుస్తకంలోని జంట బేరికాయల ఆకారం కోసం చూశాయి. ఇవి అందులో సగం కూడా ఉండవు. రంగు మరకలనుకుని దాటేయడం తేలిక.

ఆమె నా పాత స్లైడు కూడా తీయించింది. దాని పూత చివర రెండు కణాల్లో అవే ఉంగరాలు. నేను ‘లేవు’ అన్న రోజే అవి ఉన్నాయి.

వేరే కుక్క రక్తం ఎక్కించాం. పది రోజులు అటోవాక్వోన్, అజిత్రోమైసిన్. కొవ్వుతో కలిస్తేనే అటోవాక్వోన్ ఒంటికి బాగా పడుతుంది. తాత రోజుకు మూడుసార్లు వెన్న కలిపి తినిపించాడు. తప్పు నాదేనని ఆయనకు చెప్పాను. ఆయన కుక్క తల నిమురుతూ ఉండిపోయాడు.

మందు ముగిసిన రెండు నెలలకు రక్తాన్ని పీసీఆర్‌కు పంపితే నెగటివ్ వచ్చింది.

‘అంటే పోయినట్టేనా సారూ?’

‘ఈసారి దొరకలేదు తాతా. వచ్చే నెల మళ్లీ పరీక్ష చేద్దాం’ అన్నాను.