ఎసట్లో పోసేముందు: ఒక డబ్బా ఆత్మకథ

నేను రాజోలు సీమలో ఒక క్రైస్తవ కుటుంబం వంటింట్లో ఉండే డబ్బాను. కువైట్ నుంచి పాలపొడితో వచ్చాను. ఇప్పుడు నాకున్న పని ఒక్కటే. ఇంటి పెద్దావిడ సోలతో బియ్యం కొలిచి, కడిగేముందు అందులోంచి గుప్పెడు తీసి నాలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం మందిరానికి వెళ్తాయి. భక్తి ఎక్కడ తేలుతుందని నన్నడిగితే, ఎసరు కాగుతుండగా జరిగే ఈ చిన్న పనిలోనే అంటాను. సువార్త సభల్లో కార్చే కన్నీళ్ళూ, ఆల్‌నైట్ ప్రార్థనలూ అబద్ధమని కాదు. వాటికి ఒక రోజు ఉంటుంది, మైకు ఉంటుంది, చుట్టూ జనం ఉంటారు. నా దగ్గరికి వచ్చే చేతిని మాత్రం ఎవరూ చూడరు. దానం రహస్యంగా ఉండాలని కొండమీద ప్రభువు చెప్పిన మాట పాటించడానికి వంటింటికి మించిన చోటు లేదు.

బైబిల్లోని సారెపతు విధవరాలి తొట్టిలో మిగిలింది గుప్పెడు పిండి. ప్రవక్త ఏలీయా ఆమెను ముందు తనకో చిన్న రొట్టె చేసిపెట్టి, ఆ తర్వాతే తనకూ కొడుక్కూ చేసుకోమన్నాడు. తిన్నాక మిగిలితే ఇమ్మనలేదు. ప్రథమఫలాల ధర్మమంతా ఈ వరసలోనే ఉంది. మన తెలుగు నేలమీద దీన్ని బతికించి చూపినవాళ్ళలో 1912లో దోర్నకల్ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ముఖ్యులు. ఆయన సంఘస్థులు ఎక్కువమంది పేద పల్లెకూలీలు. పేదవాళ్ళు కదా, వీళ్ళేమిస్తారులే అని ఆయన అనుకోలేదు. అక్కడి స్త్రీలు వండే ప్రతిసారీ గుప్పెడు పక్కన పెట్టేవారు. మిజోరం సంఘాల్లో 1910 నుంచి ఇదే అలవాటు. సేవకుల పోషణకూ సువార్త పనికీ అదొక పెద్ద ఆధారం.

మా సీమలో సువార్త చరిత్రే జీతం లేని సేవతో మొదలైంది. 1836లో ఆంథనీ నారిస్ గ్రోవ్స్ వెంట వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురంలో, మా సఖినేటిపల్లికి ఎదురొడ్డున, కాపురం పెట్టారు. క్రైస్తవుడు తనకోసం కూడబెట్టుకోకూడదని గ్రోవ్స్ 1825లోనే పుస్తకం రాశాడు. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న కాలంలో బౌడెన్, బీర్ అక్కడి కూలీల మధ్యకూ వెళ్ళి బోధించారు. ఆ ఆనకట్ట నీళ్ళే గన్నవరం అక్విడెక్టు మీదుగా వైనతేయ దాటి వచ్చి ఇక్కడ సార్వా, దాళ్వా పండిస్తున్నాయి. ఇన్ని చేతుల కష్టంతో వచ్చిన గింజను మొత్తం నాదే అని ఎసట్లో పోసుకోవడం నాకు కృతజ్ఞతగా తోచదు.

కృపచేత రక్షణ దొరికినప్పుడు ఈ లెక్కలెందుకు, ఇది మళ్ళీ ధర్మశాస్త్రం కాదా అంటారు కొందరు. గుప్పెడు బియ్యంతో రక్షణ కొనవచ్చని ఎవరైనా చెబితే అది తప్పుబోధే. కానీ కృపను అంత బలంగా చెప్పిన పౌలే కొరింథువారిని వారం మొదటిరోజున తలా కొంత తీసి ఉంచమన్నాడు. ప్రేమకు క్రమం ఉంటే అది చట్టమైపోదు. ఫోన్‌లో నెలకోసారి పంపేస్తే సరిపోదా అని ఇంకొకరు. పంపండి, మంచిదే. అయితే కోనసీమలో ఎన్నో ఇళ్ళలో కూతురో కోడలో గల్ఫ్‌లో కష్టపడుతుంటే ఇక్కడ వంట ముసలి తల్లిది. డబ్బు చాలాచోట్ల ఆమె పేరున రాదు, ఆమె చేతికీ అందదు. దేవుని ముందు తన చేత్తో తాను ఇవ్వగలిగింది ఆ గుప్పెడే. నన్ను తీసేస్తే ఆ ఇంట్లో ఇచ్చే హక్కు సంపాదించేవాళ్ళకే మిగులుతుంది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. రేషన్ మీద బతికే ఇంటినుంచి తీసుకోవడం న్యాయమా? మనిషికి నెలకు 5 కిలోల చొప్పున నలుగురికి 20 కిలోలు. రోజూ గుప్పెడు తీస్తే నెలకు కిలోంబావు, కిలోన్నర. అది చిన్న భాగమేమీ కాదు. పేద విధవరాలి రెండు కాసులను మెచ్చుకునే ముందే, విధవల ఇళ్ళు మింగే శాస్త్రులను ప్రభువు గద్దించాడని మార్కు సువార్త 12వ అధ్యాయం చెబుతోంది. ఆ రెండూ కలిపి చదవాలి. అందుకే నా తీర్పు ఇది: బలవంతం పెట్టి తీసిన గుప్పెడు కానుక కాదు. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున నాలోంచి తీసి వండుకోవడం పాపమూ కాదు. ద్వితీయోపదేశకాండం ప్రకారం మూడో ఏటి దశమభాగంలో లేవీయుడితోపాటు పరదేశికీ, తండ్రిలేనివాడికీ, విధవరాలికీ వాటా ఉంది. వాళ్ళు తిని తృప్తిపడాలి. సేవకుడి పోషణ న్యాయమే, కానీ ఊళ్ళో పస్తు ఉన్న ఇల్లు దాటుకుని ఆ బియ్యం మందిరంలో వేలంపాటకు వెళ్ళకూడదు.

సంఘపెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఈ ఆదివారం నుంచి గుప్పెడు బియ్యం ఎన్ని కుంచాలు వచ్చాయో, అందులో ఆకలిగొన్నవాళ్ళకు ఎంత వెళ్ళిందో మందిరం నోటీసు బోర్డు మీద రాయండి. తీసుకున్నవాళ్ళ పేర్లు మాత్రం రాయకండి.