నాయన పేరు ఉన్నా సరే, లేకున్నా సరే

తండ్రి పేరు రాయనక్కర్లేదట. పాస్‌పోర్టుకు 2016లో, ఒంటరి తల్లి పిల్లల పాన్ కార్డుకు 2018లో వెసులుబాటు ఇచ్చారు. పెళ్లికాని తల్లి గార్డియన్ కావడానికి బిడ్డ తండ్రికి నోటీసు పంపే పనిలేదని 2015లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చప్పట్లు! ఢిల్లీలో చదువూ ఉద్యోగమూ ఉన్న తల్లి, వాడి పొడ గిట్టక ఫారంలో తండ్రి పేరు గడి ఖాళీగా వదిలితే అది ఆమె ఇష్టం. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ఏజెన్సీలో గిరిజన పిల్లను పెళ్లి చేసుకుంటానని నమ్మించి, కడుపు చేసి, మైదానానికి జారుకున్నవాడి బిడ్డకూ అదే గడి ఖాళీగా వదిలెయ్యమంటే ఆ సుఖం తల్లికా, పారిపోయినవాడికా? పైగా ఆ గడి ఎప్పుడు నిండాలో సర్కారుకు భలే తెలుసు. తిండి ఖర్చులు అడిగిననాడు వాడే తండ్రని రుజువేదంటారు. ఎస్టీ సర్టిఫికెట్ అడిగిననాడు తండ్రిది ఏ కులమని ఆరా. గిరిజనేతరుణ్ని పెళ్లాడిన గిరిజన తల్లి బిడ్డకైనా తండ్రి కులమే రావాలని లేదు, పెంపకం చూడాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది; ఫారం మాత్రం ఇంకా తండ్రినే అడుగుతుంది. బువ్వ పెట్టేందుకు దొరకని తండ్రి రిజర్వేషన్ ఊడగొట్టేందుకు ఠక్కున దొరుకుతాడు! దేవుడి పేరున ముడిపెట్టిన జోగినీల పిల్లల సంగతి సరేసరి.

పెళ్లిలో పుడితే భర్తే తండ్రి అని సాక్ష్య చట్టం తీర్మానించేసింది. పెళ్లి లేకపోతే రుజువు బరువంతా తల్లి నెత్తినే. సిగ్గుండాలి. తేల్చే శాస్త్రం లేకనా? కేరళలోని తలశ్శేరిలో ఒక తల్లి బిడ్డ భృతి కోసం వేసిన కేసులో నెత్తురు పరీక్ష చేసింది మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధనశాలే. అక్కడి శాస్త్రవేత్త లాల్జీ సింగ్ సాక్ష్యంతో తండ్రి తేలాడు, 1991లో కేరళ హైకోర్టు ఒప్పుకుంది. తలశ్శేరి నుంచి హైదరాబాద్ చేరిన నెత్తురుకు ఆదిలాబాద్ నుంచి దారి దొరకదా? దొంగ కేసులు పెడతారు, మగాడి పరువు పోతుంది అంటారు. దొంగ కేసైతే వాణ్ని గట్టెక్కించేదీ ఆ పరీక్షే కదా, భయమెందుకు? రక్తపరీక్షకు ఊరికే ఆదేశించొద్దని 1993లో సుప్రీంకోర్టు అన్నది నిజమే. కానీ అక్కడ భృతి ఎగ్గొట్టడానికి పరీక్ష అడిగింది భర్త. బిడ్డ మీద మచ్చ పడకూడదని కోర్టు బాధ. పెళ్లే లేనిచోట ఆ మచ్చ ఊరు ఏనాడో వేసింది. ఇక్కడ పరీక్ష ఆపితే కాపాడేది ఎవరిని? హిందూ వారసత్వ చట్టం మరీ ముచ్చటైనది. చెల్లని పెళ్లిలో పుట్టినవాళ్లకు తండ్రి ఆస్తిలో వాటా ఉందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. అసలు పెళ్లే జరగకపోతే ఆ బిడ్డ తల్లి తరఫు మాత్రమే. దొంగ తాళి కట్టినవాడు వాటా పెట్టాలి, ఏ తాళీ కట్టనివాడికి పూర్తి మినహాయింపు.