నర్సరీ బోర్డుకు టీకా తాత్పర్యం

మూలం: ఇక్సోరా, క్రోటన్, బోగన్‌విలియా, వింకా.

ఛందస్సు: గణాలు కుదరవు, యతి లేదు. రేకు మీద జాగా ఎంత ఉంటే పాదం అంత.

అవతారిక: 1753లో లిన్నేయస్ తన ‘స్పీషీస్ ప్లాంటారమ్’లో ఒక్కో మొక్కకు రెండేసి మాటల లాటిన్ పేరు పెట్టాడు. మొదటిది ప్రజాతి, రెండోది జాతి. అంత పేరు నోరు తిరగక తోటమాలులు మొదటి మాట ఉంచుకుని రెండోది వదిలేశారు. దీన్ని ఉత్తరపదలోపం అనవచ్చు.

టీక:

ఇక్సోరా = నూరువరహాలు. ఇది లాటిన్ వేషం కట్టిన ఈశ్వర శబ్దం. దేవుడి పూజకు వాడే పువ్వు గనుక ఆ పేరు. శకారం ఏమైందన్న శంక సహజం. పోర్చుగీసు రాతలో ‘ఎక్స్’ అక్షరాన్ని శకారంగా పలకవచ్చు. దాన్నే ఇంగ్లీషు తీరులో చదివితే ‘క్స’ అయి కూర్చుంది. ఆ విధంగా ఈశ్వరుడు సముద్రాలు దాటి, స్వీడన్ పండితుడి గ్రంథానికెక్కి, తిరిగొచ్చేసరికి సొంత ఊళ్లో ఆనవాలు పట్టేవారు లేకపోయారు. లోపించిన ఉత్తరపదం ‘కాక్సినియా’, అంటే ఎర్రనిది. లోపించడమే మేలు, పసుపు రంగు పూలకూ ఈ పేరే నడుస్తోంది.

క్రోటన్ = గ్రీకులో పిడుదు, పశువుల ఒంటిని పట్టే పురుగు. గింజలు ఆ రూపంలో ఉంటాయని ఆ పేరు. పూర్వపక్షం: కుండీల్లోని రంగురంగుల ఆకుల మొక్క అసలు క్రోటన్ ప్రజాతిదే కాదు, కోడియం ప్రజాతిది. సమాధానం: యోగార్థం కంటే రూఢ్యర్థం బలమైనది. అసలు క్రోటన్లలో ఒకటి నేపాళం. విరేచనాలకు పేరుమోసిన ఆ మొక్కను వరండాలో పెట్టుకోవాలని ఎవరికీ ఉండదు.

బోగన్‌విలియా = కాగితంపూలు. బోగన్‌విల్ అనే ఫ్రెంచి నావికుడి పేరు. రంగున్నవి పూలు కావు, పుచ్ఛాలు. ముళ్లుంటాయి.

వింకా = బిళ్లగన్నేరు. పాఠాంతరం: ‘కాథరాంథస్’, ఇది శాస్త్రజ్ఞుల ప్రతిలోనిది. లిన్నేయస్ పెట్టిన ‘వింకా రోజియా’ను తర్వాతివారు ‘కాథరాంథస్ రోజియస్’గా దిద్దారు. బోర్డు దిద్దుకోలేదు. ఈ మొక్క నుంచి తీసే క్యాన్సర్ మందులు విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్‌లు కూడా పాత పేరునే మోస్తున్నాయి గనుక బోర్డు పాఠమే గ్రాహ్యం.

తాత్పర్యం: నూరువరహాలు, క్రోటన్ (దీనికి తెలుగు మాట కూడా క్రోటనే), కాగితంపూలు, బిళ్లగన్నేరు మొక్కలు ఇచ్చట అమ్మబడును.