యాడికి పోతన్నావు, ఒక్కదానివే?

2022 ఏప్రిల్ 4 దాకా మా జిల్లాకూ ఒక సముద్రం ఉండేది. ఉమ్మడి గుంటూరు జిల్లాలో మాచర్ల నాపరాయి ఎంత మాదో సూర్యలంక అల కూడా అంతే మాది. ఆ రోజు జిల్లాల పంపకాలు జరిగాయి. సముద్రం బాపట్ల వాటాకు పోయింది. కొత్త పల్నాడు జిల్లాగా మాకు నరసరావుపేట కలెక్టరేటు, రెంటచింతల ఎండ, ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు దక్కాయి. పొలం గట్టు మీది తుమ్మచెట్టు కోసం మూడు తరాలు కోర్టు మెట్లెక్కే సీమ ఇది. అలాంటిది ఏకంగా బంగాళాఖాతమే చెయ్యి జారిపోతే ఒక్క టెంటు లేవలేదు, ఒక్క వంటావార్పు జరగలేదు.

జరగదు కూడా. సముద్రంతో మా సంబంధం ఏడాదికి ఒక్క పూట. కార్తీక పౌర్ణమికి ట్రాక్టరు తొట్టి నిండా జనం ఎక్కి, చిలకలూరిపేట మీదుగా బాపట్ల దిగి, మూడు మునకలేసి, పులిహోర తిని, తడి బట్టలతోనే వెనక్కొచ్చేస్తాం. సముద్రమంటే పుణ్యం. ఆ ఒడ్డున కుర్చీ వేసుకుని ఊరికే కూర్చోవచ్చన్న సంగతి ఇంకా మా దాకా రాలేదు. అందులోనూ ఒక్కరే కూర్చోవడం!

నరసరావుపేటలో ఒక టీచరమ్మ ఉందనుకుందాం. ఇరవై ఏళ్ల సర్వీసు. అత్తగారి మోకాళ్లు, మరిది పెళ్లి, ఓటర్ల జాబితా సవరణ, పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ అన్నీ అయ్యాయి. సముద్రం కనపడే ఒక ఖరీదైన రిసార్టులో మూడు రోజులు ఒక్కతే ఉండాలనిపించింది. ఎవరికీ కాఫీ పెట్టకుండా, ఎవరి ఫోనూ ఎత్తకుండా. డబ్బు ఆవిడదే. ఆ ముక్క ఇంట్లో అన్నది. అంతే, విచారణ మొదలు.

భర్త మొహం మాడ్చుకున్నాడు: "నేనేమన్నానని?" తల్లి గురజాల నుంచి ఫోన్ చేసి గొంతు తగ్గించింది: "డాక్టరేమన్నా చెప్పాడా అమ్మా? నా దగ్గర దాచబాక." పక్కింటామె గేటు దగ్గరే పట్టుకుంది: "యాడికి పోతన్నావు వదినా, ఒక్కదానివే?" సముద్రానికంది. "ఎవురి అస్థికలు?" అనడిగింది ఆమె.

తప్పు వాళ్లది కాదు. ఆడమనిషి ఒంటరి ప్రయాణానికి మా దగ్గర అనుమతి పొందిన కారణాలు కొన్ని ఉన్నాయి. గుంటూరు పెద్దాసుపత్రి ఒకటి, తిరుపతి మొక్కు ఒకటి. అన్నిటికంటే గౌరవమైనది డాలస్‌లో కూతురి పురుడు. ఇంగ్లీషు ముక్క రాని అరవై ఏళ్ల పెద్దమ్మను వీల్‌చెయిర్ అసిస్టెన్స్ పెట్టించి, రెండు విమానాలు మార్పించి, ఆవకాయ జాడీతో సహా సప్తసముద్రాలు దాటిస్తారు. ఆర్నెల్లు అక్కడే ఉంచుతారు. అప్పుడెవరూ "ఒక్కదానివే?" అనరు. పల్నాటి ఆడది ఒంటరిగా భూగోళం చుట్టి రావచ్చు, అవతలి చివర అంట్లుంటే చాలు.

ఈ ఏర్పాటు నిన్నటిది కాదు. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల కాలం నాటి విహారాలు ఎవరు కట్టించారో శాసనాలు చెబుతాయి. మహాచైత్యం రాజుగారి సోదరి చాంతిసిరి పుణ్యం. సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది బోధిసిరి అనే ఉపాసిక. మౌనంగా కూర్చున్నది భిక్షువులు, ఖర్చు భరించింది ఆడవాళ్లు. పదిహేడు వందల ఏళ్ల తర్వాత ఒక టీచరమ్మ తన డబ్బుతో తనే మౌనంగా కూర్చుంటానంటే ఊరు ఉలిక్కిపడింది. (ఆ లోయ కూడా ఇప్పుడు సాగర్ నీళ్ల అడుగున ఉంది. కొన్ని కట్టడాలను ముందే విప్పి, కొండ మీదికీ అనుపుకీ చేర్చారు.)

సరే, ఇల్లు దాటి రిసార్టుకు చేరిందనుకుందాం. అక్కడ సముద్రపు గాలి, కొబ్బరినీళ్లు, ఇస్త్రీ మడత నలగని కుర్రాడు. ఆధార్ కార్డు అటు తిప్పి ఇటు తిప్పి, "సింగిలా మేడం? సార్ వెనకాల వస్తున్నారా?" అంటాడు. సార్ రావడం లేదంటే మేనేజర్ వస్తాడు. ఒంటరిగా వచ్చిన మనిషి గురించి ఆ కౌంటరుకు తెలిసినవి రెండే భయాలు: ఉరి, లేదా పోలీసు రైడు. మూడో అంతస్తులో సముద్రం వైపు బాల్కనీ ఖాళీగానే ఉంటుంది కానీ ఆవిడకు మాత్రం "సేఫ్టీ కోసం" రిసెప్షన్ పక్క గది ఇస్తారు. మంచం మీద తువ్వాళ్లు రెండు హంసలై ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉంటాయి. ఒక్కరున్నా అద్దె ఇద్దరికే. ఒంటరితనానికి డిస్కౌంట్ లేదు.

ఆ అద్దె లెక్క మన కొలతల్లో చెప్పుకుందాం. 2025లో మిర్చి ధర పడిపోతే ఆదుకోవడానికి కేంద్రం ప్రకటించిన రేటు క్వింటాలుకు 11,781 రూపాయలు. సముద్రం వైపు కిటికీ ఉన్న మంచి గదికి ఒక రాత్రి అద్దె అటూ ఇటూగా అంతే. అంటే ఒక్క రాత్రి నిద్రకు సుమారు రెండున్నర టిక్కీల మిర్చి. దుర్గి పొలంలో ఎరువులు, పురుగుమందులు, కోత కూలి, యార్డులో పడిగాపులు కలిస్తే వచ్చే సొమ్ము అక్కడ తెల్లారేసరికి దుప్పటి మడతల్లో ఆవిరైపోతుంది. పొద్దున్నే టిఫిన్ బల్ల మీద ఆ మిర్చే గాజుసీసాలో ‘చిల్లీ ఫ్లేక్స్’ పేరుతో ఎదురవుతుంది. పిడుగురాళ్ల సున్నం గోడకి, మాచర్ల రాయి నేలకి, మిరపకాయ గిన్నెలోకి. లోపలికి ఆధార్ అడగకుండా వెళ్లగలిగిన పల్నాటివాళ్లు ఆ ముగ్గురే.

ఇక అసలు సంగతి. మా ఊళ్లలో మనిషి నాలుగు రోజులు కనపడకపోతే జనం విశ్రాంతి అనుకోరు, ఏ కేసు అని అడుగుతారు. అలా అడగడం నేర్పింది మా చరిత్రే. పల్నాటి కథలో మొట్టమొదటి దీర్ఘకాలిక సెలవు ఎలా మంజూరైంది? కోడి ఓడింది. నాయకురాలు నాగమ్మ పుంజు గెలిచింది, బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్లు వలస పోయింది. తిరిగొచ్చి మా మాచర్ల మాకియ్యమంటే యుద్ధం. ఇప్పటికీ కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవపు ఐదు రోజుల్లో ఒక రోజు కోడిపోరుకే కేటాయించారు. సెలవు అనేది ఓడినవాడికి వేసే శిక్ష అని మేం ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఏటా డప్పులతో గుర్తు చేసుకుంటున్నాం.

కోళ్ల స్థానంలోకి ఈవీఎంలు వచ్చాయి, సెలవు పద్ధతి మారలేదు. 2019 ఎన్నికల తర్వాత దుర్గి మండలం ఆత్మకూరు నుంచి ఓడిన పార్టీ కుటుంబాలు ఊరొదిలి గుంటూరు శిబిరంలో తలదాచుకున్నాయి. ‘చలో ఆత్మకూరు’ అని సెప్టెంబరులో పిలుపొస్తే నాయకులను ఇళ్లలోనే ఆపేశారు. 2024 ఎన్నికల తర్వాత ‘మావాళ్లను ఊళ్లో ఉండనివ్వడం లేదు’ అనే మాటను అవతలి పార్టీ అందుకుంది. 2024 మే 13న మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఈవీఎం నేలకు కొట్టిన వీడియో దేశమంతా చూసింది, ఆ కేసులో పోలీసులు ఏకంగా సిట్టింగ్ ఎమ్మెల్యే కోసం వెతికారు. సామాన్యుడు ఊరొదిలితే చుట్టాల వసారా, నాయకుడు ఊరొదిలితే ‘అజ్ఞాతం’. ఇంత అనుభవమున్న ఊళ్లో ఎవరైనా చిన్న సూట్‌కేసుతో బస్టాండులో కనపడితే, పాపం, జనం ఏమనుకోవాలి?

తెలుగునాట రిసార్టు అనేది ఉన్నదీ మనుషుల్ని దాచడానికే. 1984 ఆగస్టులో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వాన్ని పడగొట్టినప్పుడు ఎమ్మెల్యేలను కర్ణాటక తీసుకెళ్లి నంది హిల్స్ గాలి పీల్పించారు. 1995 ఆగస్టులో అదే రామారావుగారిని దింపడానికి హైదరాబాద్ వైస్రాయ్ హోటలు సరిపోయింది. ప్రజాస్వామ్యాన్ని కాపాడాలన్నా మార్చాలన్నా ముందు గదులు బుక్ చెయ్యాలని మనకప్పుడే తెలిసింది. లోపలున్నవాళ్లకు ఏసీ, బిర్యానీ, పేకముక్కలు అన్నీ ఉంటాయి. ఒంటరితనం మాత్రం ఉండదు, బాత్రూముకెళ్లినా వెంట ఒక మనిషి ఉంటాడు.

ఏకాంతం మాటెత్తితే విశాఖ రుషికొండ దాకా పోవాలి. 2021లో అక్కడున్న పర్యాటక శాఖ హరిత రిసార్టును తీసేసి, వందల కోట్లతో భవనాలు లేపారు. పర్యాటకానికన్నారు కట్టినవాళ్లు. ముఖ్యమంత్రి నివాసానికన్నారు కాదన్నవాళ్లు. ప్రభుత్వం మారాక 2024 జూన్‌లో తలుపులు తెరిచి చూపిస్తే, లోపలి స్నానపు తొట్టి ఫోను ఫోనుకూ పాకింది. మా పేటలో టీకొట్టు దగ్గర కూడా ఆ తొట్టి మీద వారం రోజులు చర్చ. సముద్రం చూస్తూ ఒక మనిషి స్నానం చెయ్యడమంటే రాష్ట్ర ఖజానా అంత పెద్ద వ్యవహారమన్న అభిప్రాయం అక్కడ స్థిరపడిపోయింది. ఆ నేపథ్యంలో మా టీచరమ్మ "నాకూ ఒక తొట్టి, మూడు రోజులు" అంటోంది. ఎంత ధైర్యం!

బయటి నుంచి మా దగ్గరికి అతిథిగా ఒక మనిషి వచ్చాడు లెండి, సుఖం తెలిసినవాడు. శ్రీనాథుడి పేరిట చెప్పుకునే చాటువుల్లో పల్నాడుకు పడిన మార్కులు మాకు బాగా గుర్తు: రాళ్లు, జొన్నకూడు, తేళ్లు, పాములు. సన్నబియ్యం దొరక్క ఆయన పడ్డ బాధ అంతా ఇంతా కాదు. ఒక్క అతిథి అలా రాసిపోయాడని ఇన్ని వందల ఏళ్లుగా ఉడుక్కుంటున్నాం, ఇప్పుడు సాగర్ కాలువ కింద వరి పండిస్తూ కూడా. ఇక మాలోంచి ఒకామె ఇంకో చోటికి అతిథిగా వెళ్లి, ఊరి గురించి ఒక్క మాటైనా ఆలోచించకుండా మూడు రోజులు పడుకుంటానంటే ఎలా ఓర్చుకుంటాం?

అయినా కాలం మారుతోంది కనుక జిల్లా యంత్రాంగం వారికి ఒక నమూనా నోటిఫికేషన్ సమర్పిస్తున్నాను. సముద్ర తీరాన ఏకాంత విశ్రాంతి కోరేవారు తమ మీద ఏ పోలీస్ స్టేషనులోనూ కేసు లేదని, భర్తతో గాని తోడికోడలితో గాని గొడవ లేదని, మోకాళ్లు మినహా ఏ జబ్బూ లేదని మూడు ధ్రువపత్రాలు జతచేయవలెను. ఏ పార్టీలోనూ చేరడానికి వెళ్లడం లేదని ఇరుపక్షాల మండల నాయకుల చేత సంతకం చేయించవలెను. పోలింగుకు నెల ముందు నుంచి, లెక్కింపు అయిన ఏడాది వరకు దరఖాస్తులు స్వీకరించబడవు. అవతలి చివర అంట్లున్నట్టు రుజువు చూపినవారికి పై నిబంధనలన్నిటి నుంచీ మినహాయింపు కలదు.