మెయిలా? చూద్దాంలే!

ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అనాలట) కౌన్సెలింగ్ అయి, సీటొచ్చి, హాస్టల్లో మంచం కింద పెట్టె సర్దుకున్నాక ఆఫీసువాళ్లు మీ చేతిలో ఓ కాగితం ముక్క పెడతారు. దాని మీద మీ రోల్ నంబరు, కాలేజీ మెయిల్ ఐడీ, తాత్కాలిక పాస్‌వర్డ్ ఉంటాయి. దాన్ని జీన్స్ వెనక జేబులో పెట్టుకుని, ఆదివారం ఆ జీన్స్‌ని ఉతికేయండి. మెయిల్‌తో సంబంధం ఇలా మొదలైతే నాలుగేళ్లూ హాయిగా గడిచిపోతాయి.

ఐడీ పోయిందని బెంగ అక్కర్లేదు. ఎంట్రన్స్ అప్లికేషన్ నింపేటప్పుడు నెట్ సెంటర్ అన్న ఏదో ఒక మెయిల్ ఇచ్చే ఉంటాడు. అది ఎవరిదని అడక్కండి. చాలాసార్లు అది అన్నదే. ర్యాంకు కార్డు మొదలుకొని స్కాలర్‌షిప్ దాకా మీ కాగితాలన్నీ ఆయన ఇన్‌బాక్స్‌లో, ఊళ్లో పిల్లలందరి కాగితాలతో పాటు భద్రంగా ఉంటాయి. ఫోన్ నంబరు మాత్రం నాన్నది ఇవ్వండి. ఓటీపీ వచ్చే వేళకి ఆయన పొలంలో ఉంటాడు, ఫోన్ ఇంట్లో చార్జింగ్‌లో ఉంటుంది. దొంగ సంగతి దేవుడెరుగు, మీరు కూడా మీ అకౌంట్లోకి వెళ్లలేరు. ఇంతకన్నా సెక్యూరిటీ ఏముంది?

కాదు, సొంత ఐడీ ఉండాల్సిందే అంటారా? జీమెయిల్ వచ్చింది 2004 ఏప్రిల్ 1న. మన క్లాసుల్లో సగం మంది సాయిలే. కాబట్టి మీ పేరు ఎవరో ఎప్పుడో పట్టుకుపోయారు. ఇంటిపేరో, రెండు అంకెలో కలిపితే దొరుకుతుంది గానీ అంత ఓపిక ఎవరికుంది! అభిమాన హీరో పేరు, దాని వెనక ‘భక్త’, ఆ వెనక 143 తగిలించండి. ఫైనలియర్లో దీని ఫలితం కనిపిస్తుంది. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ సెమినార్ హాల్లో మైకు పట్టుకుని, షార్ట్‌లిస్టయినవాళ్ల ఐడీలు సరిచూసుకోమంటూ ఒక్కొక్కటే చదువుతుంటాడు. మీ దగ్గరికొచ్చేసరికి ఆగుతాడు. కళ్లజోడు సవరించుకుంటాడు. ‘భక్త... వన్ ఫార్టీ త్రీ... ఎవరమ్మా ఇది?’ అంటాడు. హెచ్చార్ మేడమ్ ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తి చూస్తుంది. చెయ్యెత్తండి. హాలు మొత్తంలో ఆవిడకి గుర్తుండేది మీరొక్కరే.

ఇక మెయిల్ రాయడం. పైన సబ్జెక్ట్ అని ఓ గడి ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. 1971లో రే టామ్లిన్‌సన్ పక్కపక్కనున్న రెండు కంప్యూటర్ల మధ్య, నెట్‌వర్క్ మీదుగా మొదటి ఈమెయిల్ పంపాడు. అందులో ఏం రాశారని తర్వాత అడిగితే గుర్తులేదన్నాడు, కీబోర్డు పైవరస అక్షరాలేవో కొట్టి ఉంటానన్నాడు. కనిపెట్టినాయనకే విషయం అక్కర్లేకపోతే మనకెందుకు? రోల్ నంబరు, సెక్షన్, పని మూడూ ఒక్క లైన్లో రాసిపెడితే హెచ్‌ఓడీ గారు మెయిల్ తెరవకుండానే సంగతి పట్టేస్తారు, నెల తర్వాత వెతికినా దొరుకుతుంది. ఆయనకి అంత సుఖం అలవాటు చెయ్యకూడదు.

లోపల మాత్రం ఏడో క్లాసు లీవ్ లెటర్ దింపేయండి. ‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ తో మొదలై, ‘యువర్స్ ఒబీడియంట్లీ’ తో అయిపోవాలి. కావలసింది ప్రాజెక్టు గడువు పొడిగింపే కావచ్చు, అయినా జ్వరం ఉండాల్సిందే. కింద పేరు పెట్టొద్దు. మీ భక్త 143 చూస్తే సారుకి తెలీదూ?

మెడికల్ సర్టిఫికెట్ జతచెయ్యమంటే దాన్ని దుప్పటి మీద పరిచి, ఫ్యాన్ కింద, ఓ మూల బొటనవేలితో నొక్కిపట్టి ఫొటో తీయండి. డాక్టరు సంతకం కన్నా మీ గోరు స్పష్టంగా పడాలి. ఆ ఫొటోని వాట్సాప్‌లో ఫ్రెండుకి పంపి, వాడి దగ్గర్నుంచి స్క్రీన్‌షాట్ తెప్పించుకుని అది పెట్టండి. అసలు జతచెయ్యకపోయినా ఫర్వాలేదు. అటాచ్ చేశానని రాసి ఫైలు మర్చిపోతే జీమెయిల్ ‘మర్చిపోయినట్టున్నారు’ అని అడుగుతుంది. అడిగితే అడగనీ. పంపేయండి.

ఫైలు 25 ఎంబీ దాటితే అది డ్రైవ్ లింకుగా మారిపోతుంది. తెరిచే పర్మిషన్ ఎవరికివ్వాలని అడుగుతుంది. ఎవరికీ వద్దనండి. రాత్రి పదకొండింటికి సారు లింకు నొక్కుతారు. యాక్సెస్ లేదంటుంది. రిక్వెస్ట్ పెడతారు. ఆ రిక్వెస్ట్ మీకు మెయిల్లోనే వస్తుంది. మీరు మెయిల్ చూడరు కదా!

ఏ మెయిలుకైనా సీసీలో ప్రిన్సిపాల్ గారిని పెట్టండి. జిరాక్స్ మెషిన్ పాడైందన్న సంగతి కూడా ఆయనకి తెలియాలి. పంపిన మెయిల్ని వెనక్కి లాగే ‘అన్‌డూ’ టైము జీమెయిల్లో మొదట 5 సెకన్లే ఉంటుంది. సెట్టింగ్స్‌లోకెళ్లి 30 చేసుకోవచ్చు. చేసుకుంటే రోషం ఏముంటుంది?

అమెరికాలో ఎంఎస్ చేద్దామనుకునేవాళ్లకి ఈ విద్య మరీ అవసరం. గూగుల్లో దొరికిన ప్రొఫెసర్లందరికీ ఒకటే లెటర్ చాలు. నదుల మీద పనిచేసే ఆయనకీ, మెషిన్ లెర్నింగ్ ఆవిడకీ ‘మీ పరిశోధన నా జీవితాన్ని మార్చేసింది’ అనే రాయండి. పేరు మాత్రం మారుస్తారు కాబట్టి, ఆ పేరు వేరే ఫాంట్లో, కాస్త పెద్ద సైజులో, నీలం రంగులో పడుతుంది. పడనివ్వండి. ఒక్కోసారి పైన పేరు మారి మూడో పేరాలో పాతాయన పేరే ఉండిపోతుంది. అదీ ఉండనివ్వండి. తన పోటీదారు ఎవరో ప్రొఫెసర్‌కి తెలియాలిగా. అందరి అడ్రసులూ ‘టు’ లోనే వరసగా పేర్చితే ఆ పోటీ ఎంతమందితోనో కూడా తెలుస్తుంది.

రికమెండేషన్ లెటర్ కోసం యూనివర్సిటీ వాళ్లు మీ సారుకే నేరుగా లింకు పంపుతారు. అప్లికేషన్లో ఆయన ఐడీ ఒక అక్షరం తప్పు కొట్టి, గడువు ముందురోజు రాత్రి ‘సార్, లింకొచ్చిందా?’ అని ఫోన్ చేయండి.

స్పామ్ ఫోల్డర్ తెరవకండి. జీమెయిల్ 30 రోజుల్లో దాన్ని తనే ఊడ్చేస్తుంది, ఇంటర్వ్యూ పిలుపుతో సహా. నేరుగా ఇన్‌బాక్స్‌లోకే వచ్చి ‘మీకు జాబ్ ఖాయం, ల్యాప్‌టాప్ డిపాజిట్ కట్టండి’ అన్నదాన్ని మాత్రం నమ్మండి. పంపినవాడి అడ్రసు కంపెనీది కాకుండా మామూలు జీమెయిల్ అయితే ఇంకా నమ్మండి, పాపం మనలాంటివాడే.

అక్క పెళ్లి వీడియోలన్నీ మీ అకౌంట్లోకే ఎక్కించండి. ఊరికే ఇచ్చే 15 జీబీ మెయిలుకీ, డ్రైవ్‌కీ, ఫొటోలకీ కలిపే. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా పడితే అది నిండిపోతుంది. నిండాక కొత్త మెయిళ్లు రావు. ఆఫర్ లెటర్ గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్లిపోతుంది.

కాలేజీ ఐడీని జేబులోంచి కాపాడుకున్న జాగ్రత్తపరులు దాన్నే బ్యాంకుకీ, లింక్‌డిన్‌కీ అన్నింటికీ ఇచ్చుకోండి. పట్టా పుచ్చుకున్నాక చాలా కాలేజీలు దాన్ని మూసేస్తాయి. అప్పుడు కొత్త జీవితం మొదలవుతుంది, కొత్త పాస్‌వర్డులతో.

ఆఖరిది. మెయిల్ పంపిన రెండు నిమిషాలకి సారుకి వాట్సాప్ పెట్టండి: ‘సార్, మెయిల్ పెట్టాను చూడండి.’ బ్లూ టిక్కులు పడకపోతే ఫోన్ చేయండి. ఎత్తకపోతే స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడండి. ఆయన టిఫిన్ బాక్సు పక్కనపెట్టి, చెయ్యి కడుక్కొచ్చి, కంప్యూటర్లో పైనుంచి కిందికి రెండుసార్లు వెతికి ‘ఏదీ, రాలేదే’ అంటారు. మీరు ధీమాగా ఫోన్ తీసి చూపించబోతారు. అది డ్రాఫ్ట్స్‌లో ఉంటుంది.