కొండ తవ్వబోయే కొత్త దొరలకు ఏడు చిట్కాలు

బాక్సైట్ పని మీద ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్‌కు బదిలీ అయ్యారా? శుభం. వెళ్లేముందు ఇవి చదువుకోండి.

1. కొండను బోడిది అనండి. బాఫ్లిమాలి కొండ నెత్తిన చెట్లు తక్కువ, గడ్డే ఎక్కువ. బాక్సైట్ పొర వాననీళ్లు పీల్చుకుని వేసవిలో గెడ్డలకు ఊటగా వదులుతుందని ఎవరైనా అంటే లీజు కాగితం చూపండి. అందులో టన్నుల లెక్కే తప్ప ఊటల లెక్క ఉండదు.

2. గ్రామసభను నిజంగా అడక్కండి. సుప్రీంకోర్టు చెప్పిందని 2013లో నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వాలా అని 12 ఊళ్లలో అడిగారు. పన్నెండూ వద్దన్నాయి. అడిగితే వచ్చే తంటా ఇదే.

3. ఎర్ర బురదకు మంచి పేరు పెట్టండి. టన్ను అల్యూమినా తీస్తే, కాస్టిక్ సోడా కలిసిన బురద టన్ను నుంచి టన్నున్నర దాకా మిగులుతుంది. దాన్ని ‘చెరువు’ అనండి, గట్టున మొక్కలు నాటండి. 2010 అక్టోబరు 4న హంగేరీలోని అజ్కా దగ్గర అలాంటి గట్టే తెగి పది మంది చనిపోయారు, ఎందరికో ఒళ్లు కాలింది. ఎవరైనా గుర్తుచేస్తే హంగేరీ చాలా దూరం అనండి.

4. దగ్గుతూ వచ్చినవాణ్ణి ముందు బీడీ తాగుతావా అని అడగండి. లారీల దుమ్ము ఊసు ఎత్తకండి. ఉచిత వైద్య శిబిరం పెట్టి మాత్రలు పంచండి, ఫొటో దిగండి. బావి నీళ్లు మాత్రం పరీక్షకు పంపకండి.

5. ఆకలి అనే మాట వాడకండి. 2001లో కాశీపూర్ ఆదివాసులు మామిడి టెంకల అంబలి తాగి చనిపోతే, అవి ఆకలి చావులు కావని ప్రభుత్వమే అంది. మీరూ తప్పు టెంకదే అనండి. ఇంట్లో చోళ్లు ఎందుకు లేవన్నది మీ శాఖ కాదు.

6. డిసెంబరు 16న సెలవు పెట్టండి. 2000లో ఆ రోజు, ఈ తవ్వకాన్ని వ్యతిరేకించిన మైకంచ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు ఆదివాసులు బలయ్యారు. ఊళ్లవాళ్లు ఏటా తలచుకుంటారు. ఆ తర్వాత 2001లో ఈ ప్రాజెక్టు నార్వే భాగస్వామి నార్స్క్ హైడ్రో, 2007లో కెనడా వాళ్ల ఆల్కాన్ తప్పుకున్నా కంగారుపడకండి. భాగస్వాములు పోతారు, కొండ ఎక్కడికీ పోదు. దాన్ని పోగొట్టే పని మనదే.

7. రాష్ట్ర సరిహద్దు గీతను పటంలో ముదురుగా గీయండి, నీళ్లకు కూడా కనబడాలి. నాగావళి ఈ పొరుగు కొండల్లోనే పుట్టి, రాయగడ మీదుగా శ్రీకాకుళం దిగుతుంది. రిటైరయ్యాక ఆ నది ఒడ్డున ఇల్లు కట్టుకునే ఆలోచన ఉంటే, మొదటి ఆరు చిట్కాలూ మీ పిల్లలకు చెప్పకండి.