మంజూరు కాని పోస్టు

సర్కారీ ఖాళీలు భర్తీ కావడం లేదని ఏడ్చేవాళ్లకు ఒక శుభవార్త. ఒక్క పోస్టు మాత్రం ఏ ఆఫీసులోనూ ఖాళీగా లేదు. దానికి నోటిఫికేషన్ రాదు, పరీక్ష ఉండదు, జీతమూ లేదు. అయినా పొద్దున్నే అందరికంటే ముందు మనిషి సీట్లో ఉంటాడు. ఆడవాళ్ల ఒళ్లూ బట్టలూ చూసి రిపోర్టు ఇవ్వడం ఆయన డ్యూటీ. హోదా కావాలంటే ‘నఖశిఖ పర్యవేక్షకుడు’ అనుకోండి.

అండమాన్‌లో సిప్పీఘాట్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి (2024 నుంచి శ్రీ విజయపురం లెండి) బస్సెక్కే మన సిక్కోలు ఆడపిల్లలు ఈయన్ని ఎరగనివాళ్లు కారు. రిజిస్టరులో సంతకం పెట్టేలోపే మొదటి రిపోర్టు వచ్చేస్తుంది. “ఏటమ్మా, ఈమధ్య బాగా ఒళ్లు చేసినావు. మీ ఆయన బాగానే చూస్తన్నాడన్నమాట!” పక్క సీట్ల వాళ్లిద్దరూ నవ్వుతారు. ఆమె నవ్వకపోతే రెండో రిపోర్టు: “సరదాకంటే అంత పొగరేటి?” మర్నాటి నుంచి ఆ పిల్ల చున్నీకి రెండు పిన్నులు ఎక్కువ పెట్టుకొస్తుంది. ఈయన వాటినీ లెక్కబెడతాడు.

గ్రేడు కట్టడం మీద అంత మోజుంటే సిప్పీఘాట్ వ్యవసాయ ఫారం ఉండనే ఉంది. లవంగం, జాజికాయ, దాల్చినచెక్క, మిరియాలు... ఎంత చూసినా ఏదీ ఏమీ అనుకోదు. అక్కడికి బదిలీ అడగొచ్చు కదా? అడగడు. మిరియం తల దించుకోదు మరి. ఆ తల దించుకోవడమే ఈయన జీతం.

ఈ శాఖకి హెడ్డాఫీసు హైదరాబాదులో ఉన్నట్టుంది. 2025 జనవరిలో ‘మజాకా’ టీజర్ వేడుకలో దర్శకుడు త్రినాథరావు నక్కిన మైకు పుచ్చుకుని, ఏళ్ల తర్వాత తెలుగు తెరకు తిరిగొచ్చిన నటి అన్షు ఒళ్లు ఎంతుండాలో, తెలుగువాళ్లకు ఏ సైజు కావాలో సెలవిచ్చారు. తెలంగాణ మహిళా కమిషన్ తనంతట తానే కల్పించుకుంది, ఆయన క్షమాపణ చెప్పారు. మైకు ఉంది కాబట్టి సరిపోయింది. ఫైళ్ల మీదుగా వంగి చెవిలో చెప్పే రిపోర్టులకు ఏ కమిషన్ వస్తుంది?

ఇంత చిన్న మాటకు గొడవెందుకని అడిగే పెద్దలు మనకు కొదవ లేదు. 1988లో ఓ విందులో పంజాబ్ డీజీపీ కె.పి.ఎస్. గిల్ తన ఒంటిమీద చెయ్యి వేశారని ఐఏఎస్ అధికారి రూపన్ దియోల్ బజాజ్ ఫిర్యాదు చేశారు. ఇదేం పట్టించుకోదగ్గ విషయం అన్న ధోరణిలో హైకోర్టు ఎఫ్ఐఆర్ కొట్టేసింది. 1995లో సుప్రీంకోర్టు ఆ ఎఫ్ఐఆర్‌ని తిరిగి నిలబెట్టింది. చివరాఖరికి శిక్ష ఖాయమయ్యేసరికి 2005 వచ్చింది. ఐఏఎస్ అధికారికే పదిహేడేళ్లు పడితే, రేపు పనికి పిలుస్తారో లేదో తెలియని డీఆర్ఎం (డైలీ రేటెడ్ మజ్దూర్) ఎన్నేళ్లు ఆగాలి?

ఈ దీవుల్లో ఆ ప్రశ్నకు బరువెక్కువ. ఇక్కడ ఉద్యోగమంటే సర్కారే. సర్కారంటే ఆ కుర్చీలో కూర్చున్న మనిషే. ఉద్యోగం ఆశ చూపి సామూహిక అత్యాచారం చేశారని 2022లో ఇరవై ఒక్కేళ్ల యువతి ఫిర్యాదు చేసింది ఎవరిమీదో తెలుసుగా? ఇక్కడ ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన జితేంద్ర నారాయణ్ మీద. కేంద్రం సస్పెండ్ చేసింది, ఆ ఏడు నవంబరులో అరెస్టయ్యారు, తర్వాత బెయిలొచ్చింది. ఆరోపణలను ఆయన ఖండించారు. నిజానిజాలు కోర్టు పని. ఆ విషయంలో నాకు వెటకారం రాదు. ఒక్కటే అంటాను: కుర్చీకి భయపడి ఒళ్లు గురించిన మాటకు నవ్వడం నేర్పిన ఆఫీసులో, అంతకు మించిన దానికి నోరు తెరవడం ఎవరికి వస్తుంది?

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. పనిచోట లైంగిక వేధింపుల మీద 1997 విశాఖ తీర్పు (ఊరు కాదు, సంస్థ పేరు), 2013 చట్టం. లైంగిక ధోరణి వ్యాఖ్య కూడా వేధింపేనని అందులో రాసే ఉంది. పదిమంది పనిచేసే ప్రతిచోటా కమిటీ ఉండాలి, దానికి మహిళే అధ్యక్షురాలు, ఆ ఉత్తర్వు అందరికీ కనబడేలా అతికించాలి. మన ఆఫీసుల్లో కమిటీ కాగితం మీద ఉంది, కాగితం బీరువాలో ఉంది, బీరువా తాళం నఖశిఖ పర్యవేక్షకుడి దగ్గర ఉంది. చట్టం అమలు లోపభూయిష్ఠంగా ఉందని 2023 మేలో సుప్రీంకోర్టే చివాట్లు పెట్టింది.

సిప్పీఘాట్‌లో చాలా కొట్లలో పదిమంది కూడా ఉండరు. అలాంటి చోట పనిచేసే అమ్మాయిలు జిల్లా స్థానిక కమిటీకి వెళ్లొచ్చు. ఫిర్యాదు మూడు నెలల్లోపు, కాగితం మీద పెట్టాలి. తారీఖు, అన్న మాట అన్నట్టుగా రాసి ఉంచుకోండమ్మా. నవ్విన ఆ ఇద్దరి పేర్లూ రాయండి, సాక్షులుగా పనికొస్తారు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. కమిటీ వెయ్యని యజమానికి 50 వేల రూపాయల దాకా జరిమానా.